లైన్లో నిలబడ్డ బూట్లు

సీసాలక్క పొద్దున్నే చేసే మొదటి పని సహాయ కార్యాలయం గోడ పక్కన, లైన్లో, చెప్పులు విడిచిపెట్టడం. విడిచి, వట్టికాళ్ళతో సీసాలు కడిగే షెడ్డుకు పోతుంది. ధరలు ఆకాశాన్నంటి, మిల్లు మూతపడి, పేదవాళ్ళకు సహాయ కార్డులిస్తామని ప్రభుత్వం ప్రకటించినప్పటి నుంచీ ఊళ్ళో సగం మంది ఇదే పని చేస్తున్నారు. కార్డుంటే నెలనెలా తిండిగింజలూ మందులూ వస్తాయి. కార్డు రావాలంటే నాలుగైదు రోజులు లైన్లో నిలబడాలి. నిలబడితే ఆ రోజు కూలి పోతుంది, కూలి పోతే పొయ్యి వెలగదు. పేదవాణ్ణని రాయించుకోడానికి ఇంకాస్త పేదవాడు కావాలన్నమాట. ఈ ఏర్పాటు చేసిన మహానుభావుడు ఎవరో గానీ భోంచేశాకే చేసి ఉంటాడు.

అందుకని చెప్పులే నిలబడతాయి. కిటికీ దగ్గర ఒకరి పని అయిపోగానే వెనకున్న జతలన్నీ ఒక అడుగు ముందుకు వేస్తాయి. మధ్యలో దూరబోయిన జతను పాతవి మడమలతో బయటికి నెట్టేస్తాయి. సాయంత్రం ఎవరివి వాళ్ళు తీసుకుపోయినా, మర్నాడు ఆగిన చోటి నుంచే మొదలుపెడతాయి. కాస్త దుమ్ము దులుపుకుని రాకూడదా అని బంట్రోతు వాటిని రోజూ కసురుకుంటాడు. వంతు దగ్గర పడితే, యజమాని ఎక్కడున్నా అరికాళ్ళు దురదపెడతాయి. పని వదిలి పరుగెత్తుకొస్తారు. ఒకటే చిక్కు. తొడుక్కునేవాళ్ళకు మనసు లేకపోతే అవి నిలబడవు.

గురువారం మధ్యాహ్నం సీసాలక్క అరికాళ్ళు దురదపెట్టాయి. అప్పుడామె బట్టలసోడా కలిపిన నీళ్ళ తొట్టి ముందు కూర్చుని సీసాల మీది కాగితాలు గోళ్ళతో గీకుతోంది. కత్తితో గీకితే గాజు మీద గీతలు పడతాయని షెడ్డు యజమాని ఒప్పుకోడు. రెండేళ్ళుగా ఆ నీళ్ళలో నాని ఆమె గోళ్ళు సగానికి పైగా ఊడిపోయాయి. చేతులు చీరకు తుడుచుకుంటూ పరుగెత్తింది.

గుమాస్తా ఫారం తిప్పి చూసి, ఇంటి యజమాని వేలిముద్ర కావాలన్నాడు. ఇల్లు నడిపేది నేనేనండీ అందామె. కాగితంలో భర్త అని ఉందమ్మా, ఆయనే రావాలి, ఫారం ఇక్కడే ఉంచుతాం, శనివారం అయిదింటికి ఆఖరు, ఆ రోజు నాలుగు కిటికీలు తెరుస్తాం, పొద్దున్నే లైన్లోకి వస్తే అందుతుందన్నాడు. తప్పు గుమాస్తాది కాదు, కాగితానిది. కాగితంతో పోట్లాడి గెలిచినవాళ్ళు ఎవరున్నారు?

ఆమె భర్త మిల్లులో పద్దెనిమిదేళ్ళు మేస్త్రీ. మిల్లు వాళ్ళిచ్చిన నల్లబూట్లకు ఇప్పటికీ రోజూ పాలిష్ పెట్టి, తొడుక్కుని, వెళ్ళడానికి చోటు లేక గుమ్మం దగ్గర స్టూలు మీద కూర్చుంటాడు. లైను మాట ఎత్తగానే మొహం తిప్పుకున్నాడు.

"నలభై మంది నా చేతికింద పనిచేశారే. వాళ్ళలో ఒక్కడు చూసినా తల ఎక్కడ పెట్టుకోను?"

శుక్రవారం ఆమే ఆ బూట్లు తీసుకెళ్ళి లైన్లో పెట్టింది. ఆమె షెడ్డుకు చేరకముందే అవి ఇంటికి తిరిగొచ్చి గుమ్మంలో కూర్చున్నాయి. సాయంత్రం వాటిని చూసి సీసాలక్కకు కళ్ళ నీళ్ళు తిరిగాయి. అయినా గొంతు పెంచలేదు.

"చిన్న చేతులైతే సీసా లోపలికి కూడా పోతాయట, పిల్లని పంపమని యజమాని అడుగుతున్నాడండీ. కార్డు రాకపోతే సోమవారం నుంచి దాన్ని బడి మానిపించి తీసుకుపోక తప్పదు. నా గోళ్ళు పోయాయి, పోనీ. దాని గోళ్ళు పోతుంటే మీరు ఈ స్టూలు మీద కూర్చుని చూస్తారా?"

 లోపల పిల్ల, నానమ్మ మందు సీసాను చెంబులో నానబెట్టి, దాని మీది కాగితం గోటితో ఒలుస్తోంది. ఏడో తరగతి పిల్ల. చిరక్కుండా మొత్తం వచ్చిందని సంబరంగా తెచ్చి తండ్రికి చూపించింది. ఆయన ఆ కాగితం చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు. తర్వాత బూట్లకు పాలిష్ పెట్టుకున్నాడు.

శనివారం లేచేసరికి బూట్లు లేవు. నేను ముట్టుకోలేదంది సీసాలక్క. మేస్త్రీ మండిపడుతూ వట్టికాళ్ళతో కార్యాలయానికి వెళ్ళాడు.

బూట్లు లైన్లో ఉన్నాయి. వాటికి ముందూ వెనకా అన్నీ అలాంటి నల్లబూట్లే. బాయిలరు వాడి కాలిన బూటు కొన, నూనె పోసేవాడి మరకలు, ఒక్కో జతనూ ఆయన ఇట్టే పోల్చుకున్నాడు. వాళ్ళంతా ఎక్కడెక్కడో ఉద్యోగాల్లో కుదిరారని విన్నాడు మరి.

"కొందరు మూటలు మోస్తున్నారు, కొందరు రాళ్ళు కొడుతున్నారు మేస్త్రీ గారూ," అన్నాడు బంట్రోతు. "నెల నుంచీ ఒక్కొక్కరుగా వస్తున్నారు. మీకు మాత్రం చెప్పొద్దన్నారు. మీ ముందు తలవంపులుగా ఉంటుందట."

మేస్త్రీ వంగి బూట్లు లేపబోయాడు. లేవలేదు. లైను కదిలింది, అవీ ఒక అడుగు వేశాయి. వాటిని పట్టుకుని ఆయనా వంగే నడిచాడు. ఇంకో అడుగు, మరో అడుగు.

"అలా ఎంతసేపని వంగి నడుస్తారు?" అన్నాడు బంట్రోతు. "ఎక్కి నిలబడండి."

మేస్త్రీ బూట్లలో కాళ్ళు పెట్టాడు.

కిటికీ దగ్గరికి వచ్చేసరికి నాలుగున్నర దాటింది. ఏం చేస్తుంటారని గుమాస్తా అడిగాడు. మేస్త్రీ ఒకసారి వెనక్కి చూసుకున్నాడు.

"పని లేదు. అలాగే రాసుకోండి," అన్నాడు, అందరికీ వినబడేలా. వేలిముద్ర వేసి కార్డు జేబులో పెట్టుకున్నాడు.

వెనక ఇంకా పదకొండు జతల మిల్లు బూట్లున్నాయి. మనుషులు ఒక్కరూ లేరు. గుమాస్తా గడియారం చూసి కిటికీ తలుపు లాగబోయాడు. బూట్లు ఇప్పుడు తేలిగ్గానే లేస్తున్నాయి గానీ మేస్త్రీ కదల్లేదు. మోచెయ్యి కిటికీలో పెట్టాడు.

"మీ పని అయిపోయిందిగా, వెళ్ళండి. మనుషులు లేకుండా ఎవరికి రాయను?"

"వస్తారు. పద్దెనిమిదేళ్ళు వాళ్ళ హాజరు నేనే వేశాను. అయిదు కాలేదు, కలం తీయండి."

వీధి వైపు తిరిగి, షిఫ్టు మొదట్లో హాజరు నంబర్లు పిలిచినట్టు పిలిచాడు. "పద్నాలుగో నంబరూ!"

సందు చివర నుంచి ఎవరో రొప్పుతూ, "ఉన్నానండీ" అన్నారు. మేస్త్రీ తర్వాతి నంబరు పిలిచాడు.

షెడ్డు నుంచి పరుగెత్తుకొచ్చిన సీసాలక్క రోడ్డుకు ఇవతలే ఆగిపోయింది. ఆయన జేబులో కార్డు అంచు కనబడుతోంది. ఆ గొంతు విని ఎన్నాళ్ళైందో ఆమెకు గుర్తు రాలేదు. పలకరించకుండానే వెనక్కి తిరిగి షెడ్డుకు వెళ్ళింది. యజమాని తాళం వేస్తున్నాడు.

"సోమవారం మా పిల్ల రాదండీ," అంది.

"ఏం, ఒంట్లో బాగాలేదా?"

"బడుంది."