ఐదో అమ్మాయి

షాలోమి డిగ్రీ మధ్యలోనే విజయవాడ కాలేజీకి వెళ్ళిపోయింది. ఆమె వెనకే నూజివీడు మహిళా కాలేజీ బాస్కెట్‌బాల్ జట్టు కూడా చెదిరిపోయింది. నలుగురే మిగిలారు. ఆదివారం మ్యాచ్‌కు ఐదుగురు దిగకపోతే జట్టును రద్దు చేస్తామనీ, కోర్టులో కాలేజీ బస్సులు పెట్టుకుంటామనీ ప్రిన్సిపాల్ చెప్పేశారు. ఆటలు నేర్పే పీడీ సువర్ణరాజు బండి తీసి చాట్రాయి బయలుదేరాడు. రెండేళ్ళు జట్టులో ఉండి, దసరా తర్వాత ప్రాక్టీసు మానేసిన హాసినిది ఆ ఊరే.

దారంతా ఏం చెప్పాలో లోలోపల సర్దుకుంటూనే ఉన్నాడు. షాలోమి ఏ మ్యాచ్‌లో ఎటునుంచి దూసుకెళ్ళిందో కళ్ళకు కట్టినట్టు గుర్తుంది. హాసిని ఎలా ఆడుతుందో ఎంత తలుచుకున్నా గుర్తు రాలేదు.

మామిడితోటలో పూతకు మందు కొడుతున్నారు. ముఖానికి చున్నీ చుట్టుకుని పైపు లాగుతున్న హాసిని ఆయన్ని చూసి ఆగింది గాని దగ్గరకు రాలేదు. ఆమె నాయనమ్మ నాగేశ్వరమ్మ షెడ్డులోంచి కుర్చీ తెచ్చి వేసింది.

"కూర్చోండి మాస్టారూ. ఎండన పడి వచ్చారు," అంటూ మజ్జిగ అందించింది. "మిమ్మల్ని నేను ఎరుగుదునండి. మీకు గుర్తుండదులెండి."

"ఎక్కడ చూశారమ్మా?"

"నిరుడు మీ కాలేజీలో ఆటలు పెట్టారు కదండీ. మా పిల్ల ఆడుతుందని పొద్దున్నే బస్సెక్కి వచ్చాను. తెలీక బెంచీ మీద కూర్చుంటే, ఇది ప్లేయర్లు కూర్చునే చోటమ్మా, అవతలికెళ్ళండి అన్నారు మీరు. వెళ్ళి గోడ పక్కన నిలబడ్డాను. మా పిల్ల మాత్రం ఆట అయ్యేదాకా ఆ బెంచీ మీదే కూర్చుంది."

ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. ఉంటే బాగుండుననిపించింది ఆయనకు. ఆ మ్యాచ్ సగంలోనే గెలిచేశారు. షాలోమి అలసిపోయి, తనను మార్చమని సైగ చేసింది కూడా. పేపర్లో స్కోరు ఘనంగా పడాలని ఆయనే మార్చలేదు. పక్కన లేసులు బిగించుకుని కూర్చున్న పిల్ల వైపు తల తిప్పనైనా లేదు. మజ్జిగ గ్లాసు కింద పెట్టేశాడు.

"ఆ రోజంతా ఆడిన పొడుగమ్మాయి కులాసాగా ఉందాండీ?" అని అడిగింది నాగేశ్వరమ్మ.

"ఉందమ్మా," అన్నాడు తలెత్తకుండా.

హాసిని చున్నీ విప్పుకుంటూ వచ్చింది. ఆయన లేచి నిలబడ్డాడు.

"ఐదుగురు కావాలని వచ్చారా సార్?"

అబద్ధమాడడానికి మొహం చెల్లలేదు. "అవునమ్మా. నలుగురే ఉన్నారు. లేకపోతే వచ్చేవాణ్ణి కాదు. నీకు నేను చేసింది తప్పు. మీ నాయనమ్మగారికీ తప్పే చేశాను."

హాసిని చున్నీ దులిపి భుజాన వేసుకుంది. "కీర్తిప్రియ రోజూ ఫోన్ చేస్తోంది," అంది. "కెప్టెన్ అయ్యాక దానికి నిద్రే లేదంట. దానికోసం వస్తాను. మీరు అడిగారని కాదు."

"సరేనమ్మా," అన్నాడు. అంతకుమించి అనే హక్కు తనకు లేదనిపించింది.

ఆదివారం మ్యాచ్‌లో చిత్తుగా ఓడిపోయారు. బంతి చేతికి రాగానే అమ్మాయిలు షాలోమి కోసం అటూ ఇటూ చూసి, ఎవరికివ్వాలో తెలియక నిలబడిపోయేవారు. చూసేవాళ్ళు నవ్వారు. సువర్ణరాజుకు మాత్రం వాళ్ళ మీద కోపం రాలేదు. బంతి షాలోమికి ఇవ్వండి అన్న ఒక్క మాట తప్ప తాను వాళ్ళకేం నేర్పాడు గనక?

హాసిని మొదటిసారి విసిరిన బంతి బోర్డు మీదుగా అవతల పడింది. నోటిదాకా వచ్చిన కేకను ఆయన మింగేశాడు. రెండో సగంలో ఆమె మూలనుంచి వేసిన బంతి రింగులోంచి జారింది. అప్పుడు చూశాడాయన. హాసినిది ఎడమచేతి వాటం. రెండేళ్ళు రోజూ తన కళ్ళముందే ఆడిన పిల్ల. చుట్టూ అందరూ చప్పట్లు కొడుతుంటే ఆయన చేతులు లేవలేదు.

ఐదుగురూ చివరిదాకా నిలబడ్డారు గనక ఈ ఏడాదికి జట్టును ఉండనిస్తామన్నారు ప్రిన్సిపాల్. సోమవారం సాయంత్రం అమ్మాయిలు కోర్టులోకి వచ్చేసరికి సువర్ణరాజు బంతి పట్టుకుని ఉన్నాడు.

"హాసినీ, నీకు ఎటువైపు నుంచి వీలుగా ఉంటుందమ్మా?"

ఆమె ఆయన్ని ఒకసారి ఎగాదిగా చూసి, ఎడమ మూలకు వెళ్ళి నిలబడింది. ఆయన బంతి అందించాడు.