సబ్బు కాగితాలు

గంజి కేంద్రం దగ్గర బయమ్మ చాపిన గిన్నెను అధికారి వెనక్కి నెట్టాడు. నేను కళ్లారా చూశాను. అది రెండు వేల మూడు, వరుసగా మూడో ఏడు కరువు. వేరుశనగ చేలు ఎండిపోయి, ఊళ్లో సగం ఇళ్లకు తాళాలు పడ్డాయి. అనంతపురం కాలేజీ నుంచి మేం నలుగురం గంజి కాయడానికి వచ్చాం. మొదటిరోజు పేర్లు రాసుకుంటూ "నీకెవరున్నారు?" అని అడిగితే "ఎవురూ లేరు" అంది బయమ్మ.

"రేపట్నుంచి ఇది బంద్. పన్ను కట్టేవాళ్ల సొమ్మమ్మా ఇది. మీరు జన్మలో ఒక్క పైసా కట్టినారా?" అన్నాడు అధికారి.

వరుసంతా తలలు దించుకుంది. నాకు ఒళ్లు మండింది. దోచేవాడికి లేని సిగ్గు ఆకలిగొన్నవాళ్లకెందుకు?

సాయంత్రం బయమ్మ ఇంటికి వెళ్లాను. మొగుడు తిప్పన్న బెంగళూరుకు కూలికి పోయి నాలుగేళ్లు. కబురు లేదు. నేను గడపలో నిలబడి పిలిస్తే ఉలిక్కిపడింది.

"ఆయప్ప చెప్పింది నిజమే కదప్పా. కూలోళ్లము, పన్ను ఎట్ల కడతాము?"

కూర్చోమని పరవడానికి పాత చీర కోసం రేకుపెట్టె తెరిచింది. మడతల నిండా సబ్బు కాగితాలు. మా సీమ ఆడవాళ్ల అలవాటే అది. సబ్బు అరిగిపోయినా కాగితాన్ని వాసన కోసం బట్టల్లో దాస్తారు. అడుగున తిప్పన్న చొక్కా ఉంది.

"మావోడు వస్తే చొక్కా ముక్కిన వాసన కొట్టగూడదని పెట్టినా," అంది.

ఒక కాగితం తీసి, ధర పక్కనున్న ఇంగ్లీషు అచ్చు చదివి చెప్పాను. "అన్ని పన్నులూ కలిపి."

"అంటే?"

"సబ్బు కొన్న ప్రతిసారీ నువ్వు పన్ను కట్టినావక్కా. అగ్గిపెట్టెకూ అంతే, బీడీకీ అంతే. చెప్పకుండా ధరలోనే కలిపి గుంజినారు. సబ్బుకు షావుకారి పెండ్లాం ఎంత కట్టిందో నువ్వూ అంతే కట్టినావు."

ఆమె కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "నాలుగేండ్లుగా ఈ గడప ఎవురూ తొక్కలా. పన్ను గుంజేటోడు మాత్రం దినామూ వచ్చి పోతాండాడన్నమాట!"

మర్నాడు ఆ కాగితాలు మూటగట్టి మండలాఫీసుకు బయలుదేరింది. "కాగితాలకు గొడవేంది? ఉండే రేషను కూడా పోతాది," అంటూ పక్కింటి అంజనమ్మ తలుపేసుకుంది. పొద్దుగుంకేదాకా ఎండలో నిలబడినా అధికారి లోపలికి పిలవలేదు. నేను పక్కనే ఉన్నా బయమ్మ ఒంటరిదే. ఆకలి నాది కాదు గదా.

రెండో రోజు కూడా గంజి కేంద్రంలో పొయ్యి వెలగలేదు. బయమ్మ మళ్లీ ఆఫీసు ముందే నిలబడింది. అప్పుడు అంజనమ్మ ఒడినిండా సబ్బు కాగితాలతో ఆఫీసుకు వచ్చింది. వెనక ముసలి దాసప్ప, బీడీ కట్టల కాగితాలతో. వాళ్ల వెనక ఊళ్లో మిగిలిన జనమంతా. అన్నీ తెచ్చి అధికారి బల్ల మీద కుమ్మరించారు. గదంతా పాత సబ్బు వాసన.

"ఇవీ మా రసీదులు సారూ," అంది బయమ్మ. "మా దుడ్లతో మాకు గంజి పోసి బిచ్చమంటావా? పొయ్యి ఎలిగించు!"

"ఎలిగించు!" జనం అరిచారు.

పోలీసులు వచ్చి బయమ్మ రెక్క పట్టి జీపు దగ్గరికి లాక్కుపోయారు. హెడ్ కానిస్టేబులు కాగితం, పెన్ను తీశాడు. "మీవాళ్లకు కబురు చెయ్యాల. నీకెవురుండారు?"

బయమ్మ రోడ్డు వైపు చూసింది. జీపు కదలకుండా జనం అడ్డంగా కూర్చున్నారు.

"రాసుకో. అంజనమ్మ. దాసప్ప. ఆ కాగితం చాలదు, ఇంకోటి తెచ్చుకో."