మా ఆమె చెయ్యి ఎత్తదు

ఒమాన్‌లోని బర్కాలో ఖర్జూరం తోటల నడుమ ఉన్న ఆ రూమ్‌లో లింబాద్రిని ఎవరూ పేరు పెట్టి పిలవరు. ఎంపీటీసీ సాబ్ అంటారు. నిజానికి మండల పరిషత్తుకు గెలిచింది అతడు కాదు, అతని భార్య రాజేశ్వరి. సీటు బీసీ మహిళకు రిజర్వ్ అయిందని పార్టీ పెద్దలు ఒమాన్‌కు ఫోన్ చేసి లింబాద్రిని అడిగారు. లింబాద్రి సరేనన్నాడు. రాజేశ్వరి చేత నామినేషన్ వేయించారు. ఆమెను అడిగిన పాపాన ఎవరూ పోలేదు. గెలిచాక శాలువా ఆమెకు కప్పారు, అభినందనల ఫోన్లు మాత్రం బర్కాకు వచ్చాయి. ఇదేం చోద్యమని ముక్కు మీద వేలేసుకోకండి. ఆడ సభ్యురాలున్న ప్రతి ఊళ్ళోనూ నడిచే తంతే ఇది. సంతకం ఆమెది, మాట మొగుడిది. లింబాద్రి తన మాటను సముద్రం దాటించి పంపేవాడు, అంతే తేడా.

అతనిది తాళ్ళెక్కే వంశం. చిన్నప్పటి నుంచీ మోకు కట్టిన నడుముకు ఖర్జూరం చెట్టు ఒక లెక్క కాదు. తోట యజమాని అర్బాబ్‌కు అతడంటే అందుకే ఇష్టం. అయితే వీసా ఇప్పించింది మండలాధ్యక్షుడు భూంరెడ్డి. భార్యకు పార్టీ టికెట్టు ఇప్పించిందీ ఆయనే. తిరిగొచ్చాక నిన్నే సర్పంచ్‌ను చేస్తానని ఆశపెట్టిందీ ఆయనే. భూంరెడ్డి ఫోన్ వస్తే లింబాద్రి చెట్టు మీదున్నా సరే, ఒక చేత్తోనైనా దండం పెట్టేవాడు.

అది రెండువేల ఎనిమిది, కాయ పండుబారే రోజులు. ఒక గురువారం సాయంత్రం భూంరెడ్డి ఫోన్ చేశాడు. తన మీద అవిశ్వాసం పెట్టారట. ఎదుటి పార్టీ వాళ్ళు పెట్టారు సరే, సొంత పార్టీలో కొందరు లోపాయికారీగా వాళ్ళతో కలిశారట. బుధవారం నాడు మండలాఫీసులో చేతులెత్తే కార్యక్రమం. అధ్యక్షుడికి వ్యతిరేకంగా ఎవరూ చెయ్యి ఎత్తకూడదని పార్టీ విప్ ఇచ్చింది. ఎత్తితే సభ్యత్వం ఊడిపోతుంది. ఆ విప్ కాగితం పట్టుకుని పోతే రాజేశ్వరి ఇంట్లో లేదు, ఫోన్ ఆఫ్. ఇదంతా తాపీగా చెప్పి, భూంరెడ్డి గొంతు తగ్గించాడు.

"తమ్మీ, రాజకీయం సంగతి పక్కకు పెట్టు. ఆడమనిషి ఇల్లిడిసి పోయింది. ఏడున్నదో, ఎవరితోని ఉన్నదో నువ్వు ఎరుక చేసుకోవద్దా?"

లింబాద్రికి చెవులు వేడెక్కాయి. అయినా పరువు నిలబెట్టుకోవాలి గదా. "మా ఆమె చెయ్యి ఎత్తదు పటేలా. నాది మాట," అన్నాడు.

మాట ఇచ్చేశాడు గానీ మనసులో పురుగు దూరింది. రాజేశ్వరికి ఫోన్ చేస్తే ఆఫ్. తల్లి రాములవ్వకు చేశాడు. బిడ్డను తన దగ్గర విడిచిపెట్టి కోడలు వారం రోజుల్లో వస్తానని పోయిందని ఆవిడ చెప్పింది. ఎక్కడికని అడిగితే, నీకు తెల్వకుంటే అబద్ధమాడే పని ఉండదత్తా అన్నదట. కొడుకు గుచ్చి గుచ్చి అడిగేసరికి ముసలావిడకు విసుగొచ్చి, నీ పెండ్లాం సంగతి నన్నడుగుతవేందిరా అని పెట్టేసింది.

క్యాంపు. ఇంకేముంది! ఎన్నిక ముందు సభ్యులను ఎత్తుకుపోయి ఎక్కడో దాచి, ఫోన్లు గుంజుకుని, తిండీ తాగుడూ మరిగించి, ఓటు నాటికి బస్సులో దించుతారు. ఆ ముచ్చట్లు ఇదే రూమ్‌లో చెప్పి అందరినీ నవ్వించినవాడు లింబాద్రి. ఇప్పుడు అదే క్యాంపులో తన భార్యను ఊహించుకుంటే నవ్వు రాలేదు. చుట్టూ ఎవరెవరున్నారో, ఏ గదిలో ఉంచారో అనుకుంటూ మళ్ళీ మళ్ళీ ఆమె నంబరే నొక్కాడు. అనుమానం పెనుభూతమని ఊరికే అన్నారా!

అసలు ఇదంతా క్వారీతో మొదలైంది. వాళ్ళ ఊరి గుట్టను భూంరెడ్డి అండతో ఎవరో పేలుస్తున్నారు. ఆ అదురుకు బడి గోడలు నెర్రెలు విచ్చాయి. ఒకరోజు పైకప్పు పెచ్చు ఊడి, పక్కింటి కమలవ్వ మనవరాలి మీద పడి, పిల్ల చెయ్యి విరిగింది. రాజేశ్వరి మండల మీటింగులో లేచి నిలబడి అడిగింది. భూంరెడ్డి నవ్వి, ముందు నీ మొగణ్ణి అడిగి రా చెల్లే, తర్వాత మాట్లాడు అన్నాడు. మీటింగంతా నవ్వింది. ఆ సంగతి ఆమె ఫోన్లో చెబితే లింబాద్రీ నవ్వాడు. అతడా నవ్వును అప్పుడే మరిచిపోయాడు. ఆమె మరవలేదు.

ఆ తర్వాత ఒకసారి, ఆయన పక్కన కూర్చోవడానికి నా మనసొప్పుతలేదు అన్నది. లింబాద్రికి చిర్రెత్తుకొచ్చింది. నిన్ను చూసి ఓటేసిన్రా, పార్టీని చూసి వేసిన్రా అని నిలదీశాడు. ఎవరి మనసుకు తోచినట్టు వాళ్ళు చెయ్యెత్తుకుంటూ పోతే పార్టీ ఎందుకు, జెండా ఎందుకన్నాడు. ఆత్మసాక్షి అనే మాట అమ్ముడుపోయినోని నోట్లోంచే వస్తుందని కూడా అన్నాడు. అందులో అబద్ధమేమీ లేదు, అలాంటివాళ్ళను మనమూ చూశాం. కానీ ఆమె అప్పుడు మాట్లాడకుండా ఊరుకుంది. ఆ మౌనం ఇప్పుడు గుర్తొచ్చి, అమ్ముడుపోయిందేమోనని లింబాద్రికి కొత్త అనుమానం పుట్టింది.

అనుమానం ఒకటే వస్తుందా? దాని వెంట ఇంకోటి వస్తుంది. ఇది పెద్దులు మీద. పెద్దులు పక్కూరివాడు, వయసులో పెద్ద, మేస్త్రీ పని. కంపెనీ వేరైనా రూమ్ ఒకటే. వారం రోజులుగా అతడు ఫోన్ రాగానే నీళ్ళ ట్యాంకు వెనక్కి పోతున్నాడు. లింబాద్రి కనబడితే చప్పున ఎండ గురించి మాట్లాడుతున్నాడు. ఒమాన్‌లో ఎండ గురించి మాట్లాడేవాడు ఉంటాడా? పైగా మొన్న తోట ఫోర్‌మన్ జిలానితో కలిసి అర్బాబ్ ఇంటి గేటు దగ్గర కనిపించాడు. వేరే కంపెనీ మేస్త్రీకి మా అర్బాబ్‌తో ఏం పని? ఆ రాత్రంతా లింబాద్రి పెద్దులు మొహాన్నే చదివాడు. పెద్దులు అన్నం వడ్డిస్తే తినబుద్ధి కాలేదు.

శుక్రవారం మధ్యాహ్నం పెద్దులు ఫోన్ చార్జింగుకు పెట్టి బట్టలుతకడానికి పోయాడు. ఫోన్ మోగింది. ఇండియా నంబరు. లింబాద్రి అటూ ఇటూ చూసి ఎత్తాడు. ఎత్తి ఊపిరి బిగబట్టాడు.

"పెద్దులన్నా, నేను రాజేశ్వరిని. గుడికొచ్చినోళ్ళ ఫోన్ అడుక్కొని చేస్తున్న. ధర్మపురిల గోదారి ఒడ్డు సత్రంలనే ఉన్నం. ఆ సంగతి అడిగినవా? ఆయనకు తెల్వనియ్యలే గదా?"

లింబాద్రి ఫోన్ కట్ చేశాడు. ఆయనకు తెల్వనియ్యలే గదా! కట్టుకున్నవాడికి ఫోన్ ఆఫ్, పరాయివాడికి మాత్రం అడుక్కొని మరీ ఫోన్! తన వెనుక తన భార్యా, తనతో ఒకే గిన్నెలో తినేవాడూ కలిసి ఏదో నడిపిస్తున్నారు. ఇంతకన్నా రుజువేం కావాలి? వెనకా ముందూ చూడలేదు. తన ఫోన్ తీసి భూంరెడ్డికి కొట్టాడు. ధర్మపురి, గోదారి ఒడ్డు సత్రం అని చెప్పేశాడు. శెభాష్ తమ్మీ, మొగోడివనిపించినవ్ అన్నాడు భూంరెడ్డి.

పెద్దులు తడిబట్టలతో లోపలికి వచ్చేసరికి లింబాద్రి గడపలో అడ్డంగా నిలబడి ఉన్నాడు. నా పెండ్లాంతో నీకేం రహస్యమని అడిగాడు. ఇంకా ఏమేమో అన్నాడు, రాయదగ్గవి కావు. పెద్దులు బకెట్ కింద పెట్టాడు. అతనికి ముందు కోపం వచ్చింది, తర్వాత జాలి వేసింది.

"భూంరెడ్డి మీ ఇంటికి పోయి బెదిరిచ్చిండట," అన్నాడు. "చెయ్యెత్తితే నీ మొగణ్ణి ఒక్క ఫోన్‌తోని వాపస్ తెప్పిస్త, వీసా నాది అన్నడట. తన పదవి పోతదని ఆమె భయపడలే. నీ డ్యూటీ పోతదని భయపడ్డది. నిజంగ పోతదా అన్నా, అరుసుకొని చెప్పు అన్నది. నేను జిలానిని ఎంటవెట్టుకొని మీ అర్బాబ్‌నే అడిగిన. ఆయన నవ్విండు. నా తోటల ఎవరుండాల్నో ఇండియాల ఉన్నోడు చెప్తడా అన్నడు. ఇయ్యాల ఆ మాట ఆమెకు చెప్పేదుండె."

మరి నాకెందుకు చెప్పలేదని లింబాద్రి అడిగాడు. గొంతులో మునుపటి బిర్రు లేదు.

"నీకు చెప్తే ఆమె తరపున నువ్వు మాటిస్తవని."

ఇచ్చేశానని లింబాద్రి అనలేదు. అతని మొహం చూసి పెద్దులుకే అర్థమైంది. ఎవరికి చెప్పినవని అడిగాడు. లింబాద్రి భూంరెడ్డికి మళ్ళీ ఫోన్ చేశాడు. తాను పొరపాటు పడ్డానని, ధర్మపురి కాదని, ఇంకెక్కడో ఉన్నారని తడబడుతూ చెప్పాడు. కార్లు బయలెల్లినయ్ తమ్మీ అని నవ్వి పెట్టేశాడు భూంరెడ్డి. రాజేశ్వరి చేసిన నంబరుకు కొడితే ఎవరో యాత్రికుడు ఎత్తి, ఆ అమ్మ ఎటో పోయింది, మేము బస్సెక్కినం అన్నాడు.

ఆ నాలుగు రోజులు లింబాద్రి చెట్టెక్కాడు, దిగాడు. ఏ గెల కోశాడో, ఏది వదిలాడో తనకే తెలియదు. జిలాని రెండుసార్లు తిట్టాడు. తనను తాను తిట్టుకోవడానికి మాత్రం అతనికి ఎవరి సాయమూ అక్కర్లేకపోయింది. అర్బాబ్ మాట తెలిశాక భూంరెడ్డి ఉత్త డొల్ల అని తేలిపోయింది. ఇన్నేళ్ళూ ఆ డొల్లకు దండం పెట్టిన చెయ్యి చూసుకుంటే రోత పుట్టింది.

బుధవారం మధ్యాహ్నం భోజనాల వేళ ముందు భూంరెడ్డి ఫోనే వచ్చింది. గెలిచిన మనిషి గొంతులా లేదు, అగ్గి మీద గుగ్గిలంలా ఉన్నాడు. అవిశ్వాసం వీగిపోయింది, పదవి నిలిచింది. సత్రంలో రాజేశ్వరితో పాటు ఇంకో ఇద్దరు ఆడ సభ్యులు దొరికారట. వాళ్ళు మాత్రం బుద్ధిగా చేతులు ముడుచుకుని కూర్చున్నారట. ఆ రెండు చేతులూ తగ్గబట్టే అవిశ్వాసం పోయింది. కానీ రాజేశ్వరి ఆయన కారులోనే వచ్చి, ఆయన మనుషుల మధ్యనే కూర్చుని, ఆయన మొహం చూస్తూ చెయ్యెత్తిందట. అధికారి లెక్క రాసుకునే దాకా దించలేదట. నీది మాట అన్నవ్ గదరా అని భూంరెడ్డి అరిచాడు. లింబాద్రి జన్మలో మొదటిసారి ఆయన మాట్లాడుతుండగానే ఫోన్ పెట్టేశాడు. గుండెలో ఎక్కడో గర్వం లాంటిది కదిలింది గానీ, అది తనది కాదని అతనికి తెలుసు.

కాసేపటికి రాజేశ్వరి ఫోన్ వచ్చింది. పెద్దులు పక్కనే ఉల్లిగడ్డలు కోస్తున్నాడు. ఫోన్ గొంతు పెద్దది, ఆమె మాట ఇద్దరికీ వినబడుతోంది.

ఆమె ఏడవడం లేదు. బిడ్డ బాగుందని చెప్పింది. విప్ తప్పినందుకు సభ్యత్వం పోతుందని, భూంరెడ్డి బెదిరించినట్టు అతని డ్యూటీ కూడా పోతే పోనీ, బీడీలు చేసుకునే చెయ్యి ఎటూ పోదని చెప్పింది. సత్రానికి వచ్చినవాళ్ళు తిట్టలేదు, కొట్టలేదు. మీ ఆయన పంపించిండు, ఇంటికి రమ్మన్నడు అన్నారు. ఆ ఒక్క ముక్కతో సత్రం కాపలావాడు తలుపు తీశాడు. ఆ ఇద్దరు ఆడవాళ్ళూ, లింబాద్రే భార్యను రమ్మన్నాక మా మొగోళ్ళు ఊరుకుంటరా అని జడిసి కారెక్కారు. మొగుడి మాట చెబితే తెరుచుకోని తలుపు ఆ మండలంలో లేదు.

"పెద్దులన్న ఇట్ల చేస్తడనుకోలే," అన్నది రాజేశ్వరి. "సత్రం పేరు అతనికొక్కనికే చెప్పిన. ఫోన్ ఎత్తి చప్పుడు చెయ్యక ఇన్నడు, పెట్టేసిండు. దేవుడసొంటోడు అనుకున్న. పైసలకు పడిపోయిండు కావచ్చు. అతనితోని జర పైలంగ ఉండు, ఒక్క రూమ్‌ల ఉంటున్నవ్."

పెద్దులు చేతిలో కత్తి ఆగింది. అతడు తలెత్తి లింబాద్రిని చూశాడు. ఫోన్ లాక్కోలేదు. మళ్ళీ తలవంచి ఉల్లిగడ్డలు కోయసాగాడు. లింబాద్రి ఊ అంటే చాలు, కాపురం చెక్కుచెదరదు. పెద్దులు చెడ్డవాడవుతాడు, అంతేగా. సముద్రానికి ఇవతల జరిగింది అవతల ఎవరికి తెలుస్తుంది? ఊ అనడానికి లింబాద్రి నోరు తెరిచాడు కూడా.

"పెద్దులన్న కాదే," అన్నాడు. "ఆ ఫోన్ ఎత్తింది నేను. భూంరెడ్డికి చెప్పింది నేనే. నీ మీద అనుమానపడ్డ."

లైను తెగిందేమోనని లింబాద్రి రెండుసార్లు ఆమెను పేరు పెట్టి పిలిచాడు.

"వాళ్ళు నీ పేరు చెప్తే నేను నమ్మలే," అన్నది చివరికి. "మా ఇంటాయన అసొంటోడు కాదని, బిడ్డ మీద ఒట్టు పెట్టి ఆ మొగోళ్ళ నడుమ కొట్లాడిన. వాళ్ళు నవ్విన్రు. ఎందుకు నవ్వుతున్నరో నాకు తెల్వలే."

ఫోన్ పెట్టేసింది. లింబాద్రి దాన్ని చెవికి ఆనించుకుని అలాగే కూర్చున్నాడు. పెద్దులు లేచి, అతనికి కూడా కంచం పెట్టాడు.