వేళ్లు చెప్పని గుడ్డ

బట్టల కొట్టులో ఆమె చేతి తీర్పుకు తిరుగులేదు. ఇరవై ఏళ్లుగా కళ్లు మూసుకుని వేలికొసలతో తడిమి, ఇది పాప్లిన్, ఇది మల్లు, ఇందులో నైలాన్ కలిపారు అని చెప్పేసేది. కొత్త సరుకు దిగగానే యజమాని, "ముందు మన తక్కెడకు చూపించండి" అనేవాడు. ఆ పేరే ఆమెకు స్థిరపడిపోయింది.

పుట్టినప్పుడు మగపిల్లాడని రాసిన కాగితానికీ ఆమెకూ మధ్య నడిచిన పేచీని తీర్చిన శస్త్రచికిత్స జరిగి అయిదు నెలలైంది. జననాంగం దగ్గర గాయాలు మానాయి. మెత్త లేకుండా గంటసేపు కూర్చోగలుగుతోంది. చేసిన పని మీద ఆమెకు ఒక్క పూటైనా సందేహం కలగలేదు. ఉన్న సందేహమల్లా ఒక్కటే: కుట్ల చుట్టూ మొద్దుబారిన చోట స్పర్శ మళ్లీ మేలుకుంటుందా?

"నరాలకు తొందర ఉండదు," అంది ఫిజియోథెరపిస్టు. "రోజూ అయిదు నిమిషాలు ఆ చోట మెత్తవీ గరుకువీ తాకించి చూసుకోండి. మెదడుకు కొత్త దారి అలవాటవ్వాలి. నొప్పి పుడితే మాత్రం ఆపేయండి."

"గుడ్డముక్కలకేం, నా దగ్గర కొట్టెడున్నాయి!"

ఆరు రకాలు కత్తిరించి, ఉతికి, ఆరబెట్టుకుంది. తలుపు గడియ పెట్టుకుని, కళ్లు మూసుకుని ఒక్కొక్కటీ తాకించుకుంది. వెల్వెట్. ఫ్లానెల్. సిల్కు. పది రోజుల్లో ఒక్కటీ తప్పలేదు. ఆ మాట చెప్పడానికి ఫిజియోథెరపిస్టు దగ్గరికి దాదాపు పరుగున వెళ్లింది.

ఆవిడ విని, కాసేపు కలం ఆడించింది. "ఒక్క తప్పూ లేకపోవడమే నాకు నచ్చట్లేదండీ. గుడ్డ పట్టుకునేది ఎవరు?"

"నేనే."

"మీ వేళ్లు."

ఆమె ముఖం చిన్నబోయింది. ఇన్నాళ్లూ పరీక్ష వేళ్లు రాశాయి, పేరు చర్మానిది పెట్టాయి.

ఇంటికొచ్చి చెల్లెలితో అంది: "పొయ్యి మీద గిన్నెలు దించే చేతి తొడుగులు ఇటివ్వవే."

"వంట చేసేది నేనైతే నీకెందుకక్కా?"

"వేళ్ల నోరు మూయించాలి."

"వాటికి నిండా మసి. ఉండు, కొత్తవి కొనుక్కొస్తా."

మర్నాడు మధ్యాహ్నం చెల్లెలు ముక్కలు కలగలిపి తలుపు సందులోంచి ఒకటి అందించింది.

"కళ్లు మూసుకున్నావా?"

"మూసుకున్నా."

"ఒట్టు?"

"ఒట్టేనే తల్లీ, ఇవ్వు!"

మొదటి ముక్క. ఏమీ లేదు. రెండోది. మూడోది. ఆరూ అయిపోయాయి.

"ఏంటక్కా, తక్కెడ తుప్పు పట్టిందా?"

ఆమెకు నవ్వు రాలేదు. పది రోజుల గర్వం నీరుగారిపోయింది. తొడుగులు తీసి ఒళ్లో పెట్టుకుని ఆలోచించింది. దొంగసాక్షిని బయటికి పంపాక గది నిశ్శబ్దంగానే ఉంటుంది. అంతమాత్రాన లోపల ఎవరూ లేరనుకోవడం తొందరపాటు. అసలు సాక్షి ఇంకా నోరు విప్పలేదు, అంతే. ఇలా అనుకున్నాక ఆమెకు భయం తగ్గింది.

పన్నెండు రోజులు అలాగే గడిచాయి. పదమూడో రోజు నాలుగో ముక్క దగ్గర ఆమె చెయ్యి ఆగిపోయింది. ఎడమ అంచున ఏదో ఉంది. మెత్తన కాదు, గరుకు కాదు. మగత నిద్రలో ఉన్నప్పుడు ఎవరో పిలిచినట్టు సన్నని, వెచ్చని కదలిక. ముక్క తీసింది; అది పోయింది. మళ్లీ ఆనించింది, వచ్చింది. మందపాటి తొడుగుల్లో వేళ్లకు ఏమీ తెలియడం లేదు.

"అక్కా, ఏ గుడ్డ?"

"తెలీదే."

"తెలీదా? మరి లోపల ఆ నవ్వేంటి?"

"వేళ్లయితే ఈపాటికి పేరు చెప్పేసేవి. దీనికింకా పేర్లు రావు. తాకిందని మాత్రం చెప్పింది."

చెల్లెలు ముక్కు ఎగబీల్చి, "నేను చెప్పెయ్యనా అదేంటో?" అంది.

"చెప్పావో, నీ వీపు విమానం మోత మోగుతుంది! నేనే నేర్చుకోవాలి."

"సరేలే. అయిదో ముక్క ఇవ్వనా?"

"వద్దు. కాసేపు దీనితోనే ఉండనీ."