మూత వెనక అంకెలు

ఆ సోమవారం ఉదయం పది గంటలకి మా మరదలి పేజీ మా మరదలిది కాకుండా పోయిందని తెలిసింది.

మరదలంటే మా ఆవిడ చెల్లెలు. ముప్ఫై ఏళ్లుగా చేతిగడియారాలు బాగుచేస్తోంది. బజారు మలుపులో తాళాల మేస్త్రి కొట్టుకీ చెప్పుల దుకాణానికీ మధ్య ఇరుక్కుని ఉంటుంది ఆమె కొట్టు. కూర్చుంటే మోకాళ్లు బల్లకి తగులుతాయి. కంటికి భూతద్దం బిగించుకుని, ఊపిరి పక్కకి వదులుతూ పని చేస్తుంది. ఎదురుగా వదిలితే ఆవగింజంత స్క్రూలు ఎగిరిపోయి చెప్పుల దుకాణంలో తేలతాయట.

మా ఆవిడ బతికుండగా ఆ కొట్టు కోసం ఇంటర్నెట్‌లో ఒక పేజీ తెరిచింది. దాన్ని చూసి ఎక్కడెక్కడివాళ్లో పార్సిల్‌లో గడియారాలు పంపడం మొదలుపెట్టారు. ఆవిడ పోయాక ఆ పేజీలో రాసే పని నాకు వచ్చింది. కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి రిటైరైన వాణ్ణి. ఇంట్లో మధ్యాహ్నాలు గడవడం కష్టంగా ఉండేది. "బావగారూ, నాకు రాయడం రాదు, మీరొచ్చి ఇక్కడ కూర్చుని రాసిపెట్టండి" అంటూ మరదలు ఒక ముక్కాలిపీట చూపించింది. సాయం చేస్తున్నది నేననే చాలా నెలలు అనుకున్నాను.

ఆ ఉదయం ఎన్నిసార్లు కొట్టినా పాస్‌వర్డ్ తప్పని వస్తోంది. బయటినుంచి చూస్తే పేజీ అలాగే ఉంది. మరదలి ఫోటో ఉంది, కొట్టు ఫోటో ఉంది. వాటి కింద మేం రాయని ప్రకటన ఒకటి ఉంది: "మా కొట్టు మారింది. ఇకమీదట గడియారాలు ఈ కొత్త చిరునామాకి పంపండి. పార్సిల్ భద్రత కోసం మీ గుర్తింపు కార్డు రెండువైపులా ఫోటో తీసి మాకు పంపండి. మా పేరు చెప్పుకుని ఎవరైనా ఫోన్ చేస్తే నమ్మకండి, మోసగాళ్లు తిరుగుతున్నారు."

"ఇదేంటి బావగారూ, నేను ఇక్కడే ఉన్నాను కదా!" అంది మరదలు. పట్టకారు చేతిలో అలాగే ఉండిపోయింది.

గొంతులు విని పక్క కొట్టులోంచి తాళాల మేస్త్రి తొంగిచూశాడు. విషయమంతా విన్నాడు.

"మాస్టారూ, పాస్‌వర్డ్ మర్చిపోతే ఏదో ఒక ప్రశ్న అడుగుతుంది కదా, మీదేంటి?"

"మొదట బాగుచేసిన గడియారం ఎవరిది, అని. పాత ఏర్పాటు, మా ఆవిడ పెట్టింది. దాని జవాబు ఇంట్లోవాళ్లకి తప్ప..."

మాట అక్కడే ఆగిపోయింది.

రెండు వారాల కిందట కొట్టుకి ముప్ఫై ఏళ్లు నిండాయని ఆమె బాగుచేసిన మొదటి గడియారం గురించి ఆ పేజీలోనే నేను ఒక వ్యాసం రాశాను. పడవ సరంగు ఒకడు నీళ్లు కారుతున్న గడియారం పట్టుకొచ్చి బల్లమీద పెట్టడం, పదహారు గంటలు ఆరబెట్టాక అది మొదటిసారి టిక్కుమనడం, ఆ సరంగు టోపీ తీసి దండం పెట్టడం. మూడు పేరాలు. రాసినప్పుడు నా కళ్లు చెమర్చాయి కూడా.

మేస్త్రి పడీపడీ నవ్వాడు. "తలుపుకి గట్టి తాళమే వేశారు మాస్టారూ! తాళంచెవి ఎక్కడుందో మాత్రం మైకు పెట్టి చెప్పారు."

నాకు నేలలోకి కుంగిపోవాలనిపించింది. మరదలు నా ముందుకి టీ గ్లాసు జరిపింది. "బాగా రాశారు కాబట్టే కదా, దొంగ కూడా చివరిదాకా చదివాడు. తాగండి, చల్లారిపోతోంది" అంది. అంతకు మించి ఆ విషయం మళ్లీ ఎత్తలేదు, ఆ రోజే కాదు, ఎప్పుడూ.

రిజిస్టరు తీసి, అందులోని నంబర్లకి ఒక్కొక్కరికీ ఫోన్ చేయడం మొదలుపెట్టింది. వాళ్లలో చాలామంది ఆమెని ఎన్నడూ చూడలేదు, గొంతు వినలేదు. పేజీ చూసి పార్సిల్ పంపినవాళ్లే.

మొదట ఎత్తింది ఒక రిటైర్డ్ హెడ్మిస్ట్రెస్. "మీలాంటివాళ్లు ఫోన్ చేస్తారని పేజీలో పొద్దున్నే చెప్పారు. పెద్దదానివిలా ఉన్నావు గొంతు వింటే. సిగ్గులేదూ?" అని పెట్టేసింది. తర్వాతి నలుగురూ అంత ఓపిక కూడా పట్టలేదు.

ఆరో నంబరు ఒక నర్సుది. ఆమె పూర్తిగా విన్నది.

"అమ్మా, నేను కార్డు ఫోటో రాత్రే పంపేశాను. మా నాన్న గడియారం ప్యాక్ చేసి పక్కన పెట్టుకున్నాను. ఒంటిగంటకి కొరియర్ అబ్బాయి వస్తాడు. ఆయన వస్తువు నా దగ్గర అదొక్కటే మిగిలింది. ఆ పేజీ అబద్ధమో మీరు అబద్ధమో నాకెలా తెలుస్తుంది?"

మరదలి పేరు, పుట్టినరోజు, ఎవరి దగ్గర పని నేర్చుకుందో, కొట్టు గోడకి ఏ రంగు వేయించిందో, అన్నీ నేనే రాసి పెట్టాను. ఆమె తన గురించి చెప్పుకోగలిగిన ప్రతి ముక్కా ఇప్పుడు ఆ దొంగ దగ్గర ఉంది. నేను గోడవైపు తిరిగి కూర్చున్నాను.

కాసేపటికి ఆమె రిజిస్టరులో పేజీలు వెనక్కి తిప్పడం వినిపించింది.

"ఆ గడియారం ఒకసారి నా చేతిలోకి వచ్చింది కదమ్మా? కాదు, రెండుసార్లు. అయితే వినండి. వెనక మూత లోపల నేను ఒక అంకె గీసి ఉంటాను. అదేంటో ఇప్పుడు చెప్పను. ముందు ఆ పేజీ వాణ్ణి అడగండి. వాడు చెప్పాక నన్నడగండి. తర్వాత మీ వీధిలో ఏదో ఒక గడియారాల కొట్టుకి వెళ్లి, మూత తీయించి, మీ కళ్లతో మీరే చూసుకోండి. నన్ను నమ్మొద్దు, వాణ్ణీ నమ్మొద్దు."

ఫోన్ పెట్టాక అడిగాను, అంకెలేమిటని. గడియారం మొదటిసారి తెరిచినప్పుడు మూత లోపలివైపు సూదిమొనతో పని నంబరు, తేదీ, తెరిచిన ప్రతిసారీ పక్కన ఒక నిలువు గీత గీయడం ఆమెకి పని నేర్పిన గురువు అలవాటు చేశాడట. రేపు దాన్ని తెరిచే మరో చేతికి, ఇది ఇంతకుముందు ఎవరి దగ్గరికి ఎప్పుడు వెళ్లిందో తెలియడానికి. కొనుక్కున్నవాళ్లకి చెప్పే పని లేదు, వాళ్లకి కనిపించదు. ఆమె ఫోటోలు తీసేది మూత బిగించాక కాబట్టి పేజీలోనూ ఎక్కడా లేదు. నేను నాలుగేళ్లు పక్కన కూర్చుని కూడా ఆ గీతల్ని మాసిన మరకలనుకున్నాను. నా చూపు మందం కావడం ఆ రోజు మాకు కలిసొచ్చింది. తెలిసి ఉంటే దాని మీద కూడా ఒక వ్యాసం రాసి ఉండేవాణ్ణి.

పన్నెండున్నరకి నర్సు ఫోన్ చేసింది. వెనక ఏవో గోడగడియారాలు కొట్టుకుంటున్నాయి.

"అడిగానమ్మా. మొదట అది వృత్తి రహస్యం అన్నాడు. గట్టిగా అడిగితే, మీ నాన్నగారి పేరు అందంగా చెక్కాను అన్నాడు. ఇప్పుడు మీరు చెప్పండి."

"రెండు వేల నూట పదిహేడు. దాని కింద తేదీ. పక్కన రెండు నిలువు గీతలు, రెండుసార్లు తెరిచానని."

అటునుంచి మూత ఊడిన చిన్న టప్పు వినిపించింది. మరదలు బల్ల అంచు పట్టుకుంది. మేస్త్రి చేతిలో ఆకురాయి ఆగిపోయింది.

"అంకె అదే. రెండు గీతలున్నాయమ్మా" అంది నర్సు. "మీరే. మీరేనమ్మా!" అటువైపు కొట్టువాడు కూడా ఏదో గట్టిగా అన్నాడు. మేస్త్రి ఆకురాయితో బల్లమీద దరువు వేశాడు.

నేను వెంటనే కాగితం లాక్కున్నాను. జనానికి ఈ గీతల సంగతి వివరంగా రాద్దామని. మరదలు నా కలం మీద చెయ్యి పెట్టింది.

"వద్దు బావగారూ. ఒక్క అంకె కూడా రాయకండి. అంకె ఎలా ఉంటుందో కూడా రాయకండి. వాడు చదువుతున్నాడు."

కలం మూత పెట్టేశాను. నర్సే ఆ పేజీ కింద రెండు వాక్యాలు రాసింది: "నా గడియారం మూత లోపల ఏముందో ఈ పేజీకి తెలియలేదు, కొట్టులో ఉన్నావిడకి తెలిసింది. మీరూ అడిగి చూడండి."

దొంగ దాన్ని చెరిపేశాడు. అప్పటికే పదిమంది చదివారు. వాళ్లు రాశారు. అవీ చెరిపాడు. ఇరవై మంది రాశారు. ఒకరికి "నా సంతకం ఉంటుంది" అని చెప్పాడు, ఇంకొకరికి "ఏమీ ఉండదు" అన్నాడు. వాళ్లిద్దరూ అన్నదమ్ములట. రెండు జవాబులూ పక్కపక్కన పెట్టి చూపించారు. కొట్టులో ఫోన్ చల్లారలేదు. నేను రిజిస్టరులో పేర్లు వెతకడం, మరదలు అంకె చెప్పడం, అటునుంచి ఎవరో కేకేయడం. మధ్యాహ్నమంతా అదే పని.

మూడింటికి హెడ్మిస్ట్రెస్ మళ్లీ చేసింది.

"ఇందాక నిన్ను సిగ్గులేదూ అన్నాను."

"అన్నారండి."

"నా దాంట్లో ఏముంది?"

మరదలు చెప్పింది. అటువైపు ఎవరో మూత చూసి అదే అంకె చదివారు.

"సరే. సిగ్గు నాకొచ్చింది. ఇప్పుడు చెప్పు, వాడి మీద ఫిర్యాదు ఎక్కడ చేయాలి? నా పాత విద్యార్థులు వందమంది ఉన్నారు, అందరూ ఇప్పటికీ నేనంటే భయపడతారు."

"మేడమ్‌గారూ, మీరు మాకు ముందే దొరికి ఉంటే పోలీసులు కూడా అక్కర్లేకపోయేది!" అని మేస్త్రి ఫోన్‌లోకి అరిచాడు.

నాలుగున్నరకి పేజీ స్తంభించింది. ఫిర్యాదుల వల్ల నిలిపివేశామని, ఆ పేజీలు నడిపే కంపెనీ పెట్టిన బూడిదరంగు పట్టీ ఒకటి కనిపించింది. అంత అందమైన బూడిదరంగు నేను ల్యాబులో కూడా చూడలేదు.

ఒక్క గడియారం కూడా వాడికి చేరలేదు. కార్డు ఫోటోలు మాత్రం తొమ్మిదిమంది పంపారు. ఆ తొమ్మిదిమందికీ నేనే ఫోన్ చేశాను, అది నా వంతు అనిపించింది. నా వల్లే జరిగిందని ముందే చెప్పాను. పోలీసుల సైబర్ విభాగంలో ఫిర్యాదు ఇవ్వమనీ, బ్యాంకుకి చెప్పి పెట్టమనీ, ఎవరైనా ఫోన్‌కి వచ్చిన అంకెలు అడిగితే చెప్పొద్దనీ ఒక్కొక్కరికీ నిదానంగా చెప్పాను. ఒకాయన నన్ను తిట్టాడు. ఎనిమిదిమంది తిట్టలేదు. అందులో ఒకావిడ, "మీరు భోజనం చేశారా?" అని అడిగింది.

మరదలి కార్డు, కొట్టు కాగితాలు చూసుకున్నాక కంపెనీ నాలుగో రోజున పేజీ తిరిగి ఇచ్చింది. ఈసారి పాస్‌వర్డ్ ఆమె తనే పెట్టుకుంది, నన్ను అటు తిరగమని. లోపలికి వెళ్లాలంటే ఇప్పుడు ఆమె ఫోన్‌కి వచ్చే అంకెలు కూడా కావాలి. పాత టపాలన్నీ నేను ఒక్కొక్కటీ తెరిచాను. పుట్టినరోజులు, ఇంటి సంగతులు తీసేశాను. సరంగు వ్యాసం తీసేటప్పుడు వేలు కొంచెం ఆగింది. తీసేశాను.

"మొదటి మాట ఏం రాయమంటావు?" అన్నాను కలం అందుకుంటూ.

"నేను రాస్తాను, ఉండండి."

భూతద్దం నుదుటిమీదికి తోసుకుని ఫోన్ దగ్గరికి తీసుకుంది. స్క్రూలు ఎత్తే చూపుడువేలితో ఒక్కో అక్షరమూ ఏరి పెట్టింది. పది నిమిషాలు పట్టింది. నేను ఒక్క దీర్ఘమూ దిద్దలేదు. పంపించిన మరుక్షణం పక్క కొట్టులో మేస్త్రి ఫోన్ మోగింది. అతను వీధిలోకి వచ్చి నిలబడి, చెప్పుల దుకాణం వాళ్లకీ, వచ్చేపోయేవాళ్లకీ వినబడేలా పైకి చదివాడు:

"నేనే. కొట్టు ఎక్కడికీ పోలేదు. నేను కూడా."