మూడో గడి

సోషల్ టీచరమ్మకు ఒక పిచ్చి ఉంది. ఏ రెండింటిని పోల్చమన్నా పిల్లలచేత మూడు గళ్లు గీయిస్తుంది. రెండు గళ్లలో ఆ రెండూ, మూడో గడిలో ‘నేటి ఉదాహరణ’. అది ఖాళీగా వదిలారా, మార్కులు కోత. అందరికన్నా బాగా రాసినవాళ్ల జవాబును వరండాలో నోటీసు బోర్డుకు అంటిస్తుంది. ఉద్యోగంలో చేరిన నాటినుంచీ ఇదే తంతు. రోజులు మారాయి, కాస్త ఒళ్లు దగ్గర పెట్టుకుందాం అన్న ఆలోచన మాత్రం ఆ మహాతల్లికి రాలేదు.

ఈసారి ప్రశ్న, స్వాతంత్ర్య ప్రకటన ఉద్దేశాన్నీ రాజ్యాంగం ఉద్దేశాన్నీ పోల్చమని. రాజును ఎందుకు వదిలించుకున్నామో లోకానికి చెప్పుకోడానికి ప్రకటన, అలాంటివాడు మళ్లీ నెత్తికెక్కకుండా చూసుకోడానికి రాజ్యాంగం అని క్లాసులో ఆవిడే చెప్పింది. అందరిలోకీ బాగా రాసింది లాయరమ్మ. అంటే ఆవిడ అన్నకూతురే. తల్లిదండ్రులకు వేరే ఊళ్లో ఉద్యోగాలు కావడంతో మేనత్త దగ్గరుండి చదువుకుంటోంది. ఇంట్లో ప్రతిదానికీ వాదన పెట్టుకుంటుంది కనుక ఆ పేరు.

పిల్ల మొదటి గడిలో, ప్రకటనలో రాజు మీద ఉన్న ఫిర్యాదులు ఒక్కొక్కటే రాసింది. విచారణ లేకుండా జైల్లో వేశాడు, సభను నడవనివ్వలేదు, పత్రికలు మూయించాడు. రెండో గడిలో ఒక్కో దానికి ఎదురుగా, దాన్ని ఆపడానికి రాజ్యాంగంలో పెట్టిన అధికరణం. మూడో గడిలో మొట్టమొదటే, ‘పక్క బడి సైన్సు మాస్టారు. పట్టుకెళ్లాక ఇంతవరకూ ఏ కోర్టుకూ తీసుకురాలేదు.’ కింద మిగతా రెండింటికీ ఈ ఏటి సంగతులే. అత్త చదివి మురిసిపోయింది. పూర్తి మార్కులు వేసి, మేనకోడలని పక్షపాతం చూపించిందంటారని పేరున్న చోటు కత్తిరించి, బోర్డుకు అంటించింది.

ఆ వారంలోనే పై ఆఫీసు నుంచి ఒక అధికారి, వెంట ఒక సహాయకుడు వచ్చారు. వెనకాల హెడ్మాస్టరు చెమట తుడుచుకుంటూ నడిచాడు. అధికారి బోర్డు ముందు నిలబడి తీరిగ్గా చదివాడు. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చదివాడు. మహా మర్యాదస్తుడు. ఆ మర్యాద చూసే టీచరమ్మకు భయం పట్టుకుంది. సైన్సు మాస్టారినీ ఇలాగే ‘రండి సార్’ అని తీసుకెళ్లారు. ఆయన మోటార్ సైకిల్ ఇప్పటికీ ఆ బడి షెడ్డులో దుమ్ము కొట్టుకుని ఉంది.

“ఇది రాసిందెవరమ్మా?” అన్నాడు అధికారి.

టీచరమ్మకు తోచింది ఒక్కటే. పిల్ల పేరు బయటికి రాకూడదు. పిల్లకేమన్నా అయితే అన్నయ్యకు ఏ మొహం పెట్టుకుని చెప్పాలి?

“నేనేనండీ. నేనే చెప్పి రాయించాను. పిల్లలు కాగితం మీద ఎక్కించుకున్నారంతే.”

అబద్ధమాడటం బొత్తిగా చేతకాని మనిషి. అయినా ఆ మాట అనేశాక గుండె కాస్త తేలికపడింది. ఉద్యోగం పోతే పోనీ, తనను పట్టుకుపోతే పోనీ, పిల్ల గట్టెక్కితే అంతే చాలనుకుంది.

అధికారి తలూపి, పిల్లల్ని కూడా ఒక మాట అడుగుదామంటూ క్లాసులోకి నడిచాడు. రోడ్డు గోలగా ఉందని కిటికీలు మూయించాడు. రోడ్డు మీద గోలేమీ లేదు. టీచరుగారు చెబితేనే ఈ జవాబు రాశామన్నవాళ్లు చేతులెత్తండి అన్నాడు.

ఎవరూ ఎత్తలేదు. ఆవిడ చెప్పలేదు మరి. టీచరమ్మ వాళ్లవైపు చూసి మెల్లగా తలాడించింది. పిల్లలేం వెర్రివాళ్లు కాదు. క్లాసు లీడరు చెయ్యెత్తింది, తర్వాత ముందు బెంచీ, తర్వాత అందరూ. నా బంగారాలే అనుకుని టీచరమ్మ కళ్లొత్తుకుంది. లాయరమ్మ మాత్రం చేతులు కట్టుకుని కూర్చుంది.

అధికారి సహాయకుడి వైపు తిరిగాడు. “ఒక్కరే కదా అని జీపులో వచ్చాం. క్లాసంతా నేర్చుకున్నారట. ఫోన్ చేసి బస్సు పంపించమను.”

ఒక్కదాన్ని కాపాడబోయి అందర్నీ ముంచానే అనుకుంది టీచరమ్మ. కాదండీ, నేను అబద్ధం చెప్పాను, వీళ్లకేం తెలీదు అంటూ చేతులు జోడించింది. అలాగైతే నిజం చెప్పండి, రాసినవాళ్ల పేరు చెబితే మిగతావాళ్ల జోలికి రానన్నాడు ఆయన. పిల్లలందరి మొహాలూ ఆవిడవైపే తిరిగాయి.

లాయరమ్మ లేచి నిలబడింది. బడిలో ఏనాడూ టీచరని తప్ప పిలిచి ఎరగదు.

“నువ్వు చెప్పకు అత్తా. రాసింది నేను.”

అధికారి మిగతా పిల్లల్ని చేతులు దించమన్నాడు. బస్సు వద్దులే అని సహాయకుడికి చెప్పాడు. ఖాళీ బెంచీ చివర కూర్చుని, పిల్లను దగ్గరికి పిలిచి, జేబులోంచి పెన్ను తీశాడు.

“ఈవిడ మీ అత్తా? మంచిది. మీ ఇంట్లో ఇంకా ఎవరెవరున్నారమ్మా?”

నిజం చెబితే తప్పేముందనుకుందో ఏమో, పిల్ల నాన్న పేరు చెప్పింది. అమ్మ పేరు చెప్పింది. వాళ్లుండే ఊరు కూడా చెప్పింది.