ప్రొప్రయిటర్ భాగ్యశ్రీ

"సెటిల్‌మెంట్ అంటే ఏంది వదినా?" అని మా మరిది తిరుమల్ అడిగేసరికి నేను బీరకాయలకు చెక్కు తీస్తున్నాను. పక్కన పొయ్యి మీద పప్పు పొంగుతోంది. రెండు చేతులా పనున్న మనిషిని ప్రశ్నలు అడగకూడదని ఎంబీఏలో నేర్పరనుకుంటాను.

"గిరాకి స్కాన్ చేసి కట్టిన పైసలు మన ఖాతల పడుడు," అన్నాను.

"పడుడు గాదు, ఎప్పుడు పడ్తయో గది చెప్పాలె. టీ ప్లస్ వన్. అంటే తెల్లారి."

"టీ ప్లస్ వన్."

"జర నవ్వుకుంట చెప్పవే," అన్నాడు మా ఆయన దివాకర్, గుమ్మంలో నిలబడి పుల్లతో పళ్ళు కుట్టుకుంటూ. "ఏడ్పు మొకమేసుకొని చెప్తే ఎవడిస్తడు లోను?"

ఇబ్రహీంపట్నం బస్టాండ్ దాటినాక సాగర్ రోడ్డు మీద మాకొక కర్రీ పాయింట్ ఉంది. ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలు, సిటీలో ఉద్యోగాలు చేసి చీకటిపడ్డాక ఇల్లు చేరే మొగుడూ పెళ్ళాలు మా దగ్గర కూరలు కవర్లలో కట్టించుకుపోతారు. వంటంతా నాది. తెల్లవారకముందు పొయ్యి వెలిగిస్తే, మధ్యాహ్నం గిన్నెలు తోమేదాకా నేను ఆ వెనక గదిలోంచి కదలను. సాయంత్రం మళ్ళీ మొదలు. కౌంటర్ దగ్గర కూర్చునేది మా ఆయన. ఒకసారి ఎవరో గిరాకి, "మీ మేడం ఏం జేస్తరన్నా?" అని అడిగితే, "ఏం జెయ్యదు, ఇంట్లనే ఉంటది," అన్నాడు. గోడకు ఇవతల గుత్తివంకాయ కలుపుతూ నేనా మాట విన్నాను. గరిటె ఆపలేదు. ఆపితే అడుగంటుతుంది, అడుగంటితే ఆ మాటలు వేరే పడాలి.

అలాంటి నన్ను ఇప్పుడు ప్రొప్రయిటర్‌ని చేశారు. ప్రొప్రయిటర్ అంటే ఓనర్. నా మీద ప్రేమ పుట్టి కాదు. దివాకర్ స్నేహితుల్తో కలిసి ప్లాట్ల వ్యాపారంలో దిగి, ఫోన్ యాప్‌లో అప్పు తీసుకొని, కట్టలేదు. కట్టనివాళ్ళకు మార్కులు తగ్గుతాయట, దాన్ని క్రెడిట్ స్కోర్ అంటారని తిరుమల్ చెప్పాడు. మా ఆయన మార్కులు పాతాళంలో ఉన్నాయి. నావి చెడలేదు, ఎందుకంటే నేను పుట్టి బుద్ధెరిగాక నా పేరు మీద ఎవరూ ఏమీ కొనలేదు, ఏమీ ఇవ్వలేదు. ఆడవాళ్ళ పేరున్న దుకాణానికి లోన్ తొందరగా ఇచ్చే కంపెనీ ఒకటి దొరికిందని తిరుమల్ వార్త తెచ్చాడు. వారం తిరక్కుండా దుకాణం కాగితాలు నా పేరుకు మారాయి. కౌంటర్ మీద స్కానర్ నా పేరుకు మారింది. నా సిమ్ మాత్రం మా ఆయన ఫోన్‌లోకి పోయింది. ఓటీపీలు వస్తాయి కదా, ఆడదానికి అవెందుకు?

ఆ అప్పు కట్టనప్పుడు ఏమైందో నేను మరిచిపోలేదు. రెఫరెన్సు కింద ఆయన నా నంబరిచ్చాడు. కూర కలుపుతూ ఫోనెత్తితే ఎవడో, "నీ మొగుడు కట్టకపోతే నీతోని ఎట్ల కట్టిచ్చుకోవాల్నో మాకు ఎరుకే," అన్నాడు. ఆ తర్వాత అన్నవి నేనెవరికీ చెప్పలేదు. యాచారంలో మా అమ్మకు కూడా ఫోన్లు చేశారు. మా అమ్మకు బూతులు వింటే కోపం రాదు, భయం వస్తుంది. మేకలమ్మి పైసలు పంపింది. సంగతంతా చెప్పి ఏడిస్తే మా ఆయన, "ఫోన్ల తిడ్తే ఒంటికి అంటుకుంటదానే?" అన్నాడు. ఆ పూట నాకు చావాలనిపించలేదు. చంపాలనిపించింది. చేతిలో మరుగుతున్న చారు గిన్నె ఉంది. కింద పెట్టాను.

అందుకే ఈసారి వద్దన్నాను. "నా పేరు మీద అప్పొద్దు," అని ఒకే ఒక్కసారి అన్నాను. దివాకర్ అప్పుడే దించిన సాంబారు గిన్నెను కాలితో తన్నాడు. అది వంటగది అంతా పారితే, తుడిచి మళ్ళీ వండేదాకా అక్కడే నిలబడ్డాడు. మా అత్త ఈదమ్మ మంచం మీదినుంచి, "మొగోడు అడుగుతుంటే నా పేరు నా పేరంటవేందే? నీ అవ్వగారింటి కాన్నుంచి తెచ్చినవా పేరు?" అంది. అవును, అక్కడినుంచే తెచ్చుకున్నాను. తెచ్చుకున్నవాటిలో ఇంకా ఖర్చు కానిది అదొక్కటే.

లోన్ ఇచ్చే ముందు కంపెనీ వాళ్ళు వీడియో కాల్ చేసి ఓనర్‌తో మాట్లాడతారు. దుకాణం నిజంగా ఈమే నడుపుతోందా అని చూస్తారు. మా వీధిలో లింగస్వామన్న భార్యను వాళ్ళు ఏదో అడిగితే, అలవాటు కొద్దీ, "మా ఆయన్ని అడుగుండ్రి సార్," అందట. లోన్ పోయింది. అలాంటి తప్పు మా ఇంట్లో జరగకూడదని తిరుమల్ వ్యాపారస్తులకు తెలిసుండాల్సిన మాటలన్నీ ఫోన్‌లో వెతికి, నాకు పాఠాలు మొదలుపెట్టాడు. నేను కూరగాయలు తరగాలి, జవాబులూ చెప్పాలి. వాడు మాత్రం కుర్చీలో కూర్చొని చాయ్ తాగుతూ అడుగుతాడు.

"యాప్‌ల మనకు కనిపించేది ఫ్రంట్ ఎండ్ వదినా. వెనకాల కనిపియ్యకుంట పనంత చేసేది బ్యాక్ ఎండ్."

"గంత కష్టమెందుకురా? మన దుకాణంల మీ వదిననే బ్యాక్ ఎండ్," అన్నాడు మా ఆయన. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వకపోతే దానికి ఇంకో మాట పడుతుంది.

ఈ-మ్యాండేట్ అంటే ఒక్కసారి ఒప్పుకుంటే చాలట, ఆ తర్వాత నెలనెలా వాళ్ళే ఖాతాలోంచి తీసుకుంటారు, మళ్ళీ అడగరు. "సమజైందా?" అన్నాడు తిరుమల్. సమజు కాకేం? ఇన్నేళ్ళుగా కాపురం చేస్తున్నాను. కానీ వింటున్నకొద్దీ నాకు ఇంకొకటి కూడా సమజైంది. వాళ్ళు నాకు నేర్పుతున్నవి జవాబులు కావు, నా మెడకు ఉరి ఎలా బిగుస్తుందో ఒక్కో ముడీ విప్పి చూపిస్తున్నారు. ముడి కడుతున్నవాళ్ళకు అది చూపిస్తున్నామన్న స్పృహ లేదు. నాకు అర్థమయ్యే తలకాయ ఉందని వాళ్ళు అనుకోలేదు మరి.

"డిఫాల్ట్ అంటే?"

"అప్పు కట్టకపోవుడు."

"ఎవలు కట్టకపోతే?"

"మీ అన్న కట్టకపోతే."

"అన్న ముచ్చట తియ్యకు. అన్నకేం సంబంధం లేదు. ప్రొప్రయిటర్ కట్టకపోతే. అంటే నువ్వు."

"నేను కట్టకపోతే," అన్నాను. లోన్ ఎనిమిది లక్షలు. అవి ఆయన ప్లాట్లలోకి పోతాయి. వసూలుకు నా మీదికొస్తారు. అమ్మడానికి మా అమ్మ దగ్గర ఇంక మేకలు లేవు.

మా పాప సహస్ర మూడో తరగతి. బాబాయి పాఠం చెప్పి వెళ్ళగానే అది పప్పుగుత్తి పట్టుకొని టీచరయ్యేది. "కేవైసీ అంటే చెప్పమ్మా." కస్టమర్ ఎవరో తెలుసుకోవడం అని చెబుతూ ఒకరోజు మధ్యలో తడబడ్డాను. "తప్పు! గుంజీళ్ళు తియ్యి," అంది. నేను నవ్వి ఊరుకోబోతే మా ఆయన, "టీచర్ చెప్తున్నది గద, తియ్యి," అన్నాడు. సరదాకు అన్నాడనుకున్నాను. కాదు. తీసేదాకా చూపు తిప్పలేదు. చెవులు పట్టుకొని నా బిడ్డ ముందు గుంజీళ్ళు తీశాను. మా అత్త లెక్కపెట్టింది. సహస్ర పొట్ట పట్టుకొని నవ్వింది. దాని మీద నాకు కోపం రాలేదు. ఇంట్లో అమ్మను చూసి నవ్వాలని దానికి పుట్టుకతో తెలియదు కదా, చూసి నేర్చుకుంది. రేపు దాన్ని కూడా ఎవడో ఇలా నిలబెడితే, చుట్టూ ఉన్నవాళ్ళతో కలిసి అదీ నవ్వుతుంది. నాకు నిద్ర పట్టకుండా చేసింది ఆ ఆలోచనే.

కాల్ వచ్చే రోజు మధ్యాహ్నం నాకు పట్టుచీర కట్టించారు. చేతులకు పట్టిన పసుపూ కారం పోయేదాకా మా అత్త నిమ్మచెక్కతో రుద్దించింది. "వంటమనిషి లెక్క కనిపియ్యొద్దు," అంది. బియ్యం డబ్బా మీద మా ఆయన ఫోన్ నిలబెట్టారు. దాని వెనక తిరుమల్ అట్టముక్క మీద జవాబులు రాసి పట్టుకున్నాడు. వాడి పక్కన మా ఆయన. మంచం మీద మా అత్త, ఆమె ఒళ్ళో సహస్ర.

ఫోన్‌లో ఒక చిన్న వయసు అమ్మాయి కనిపించింది. చెవులకు హెడ్‌ఫోన్, మొహంలో అలసట. కార్డు చూపించమంది, చూపించాను. తల కుడివైపు తిప్పమంది, కళ్ళు ఆర్పమంది. ఈ పక్కన బతికున్న మనిషే ఉందా, ఫొటో పెట్టారా అని మిషన్ చూసుకుంటుందట. దుకాణం ఎప్పుడు పెట్టారని అడిగింది. నేను అట్ట వైపు చూసి చెప్పాను.

"మేడమ్, మీ కళ్ళు పక్కకు పోతున్నాయి. రూంలో ఇంకెవరైనా ఉన్నారా?"

తిరుమల్ లేదని చెప్పమన్నట్టు చెయ్యి ఊపాడు. దివాకర్ నన్నే చూస్తున్నాడు.

"ఉన్నరు," అన్నాను. "మా ఆయన, మా మరిది, మా అత్తమ్మ, మా బిడ్డ."

"వాళ్ళను బయటికి పంపి తలుపు వేసుకోండి. లేకపోతే కాల్ కట్ చేస్తాను."

ఆ అమ్మాయి గొంతులో కోపమూ లేదు, జాలీ లేదు. రోజూ అనే మాటే అన్నట్టుంది. కానీ ఆ మాటకు మా ఇంటి మగవాళ్ళు లేచి బయటికి నడిచారు. మా అత్త కూడా గొణుగుతూ, సహస్రను పట్టుకొని దిగింది. నేను తలుపు వేసి గడియ పెట్టాను. పెళ్ళయ్యాక ఒక గదిలో నేనొక్కదాన్నే ఉండి లోపలినుంచి గడియ పెట్టుకోవడం, స్నానాల గది కాకుండా, అదే మొదలు.

"దుకాణం ఎవరు నడుపుతారు?"

నేర్పిన జవాబు నోట్లో సిద్ధంగా ఉంది. "నేనే నడుపుత," అన్నాను. ఇన్నాళ్ళూ నా చేత ఒక అబద్ధం బట్టీ పట్టిస్తున్నారనుకున్నాను. అందులో అబద్ధం ఒక్క ముక్క కూడా లేదు. తెల్లవారకముందు లేచేది నేను, ఉప్పు చూసేది నేను, చేతులు కాలేది నాకు. నిజాన్నే నాకు అబద్ధంలాగా నేర్పారు.

"ఓటీపీ వచ్చే ఈ నంబరు మీ దగ్గరే ఉంటుందా?"

"ఉండదు. మా ఆయన దగ్గర ఉంటది."

"లోన్ దేనికి?"

"నాకెరుక లేదు. ఆయన ప్లాట్లకు."

అమ్మాయి టైపు చేయడం ఆపింది. "మేడమ్, ఇది రికార్డవుతోంది. మీకీ లోన్ కావాలా, వద్దా? ఒక్క మాట చెప్పండి."

బయట ఎవరో చెవి తలుపుకు ఆనించారు. గాజుల చప్పుడు వినిపించింది, మా అత్తే. కావాలా వద్దా అని నన్ను అడిగినవాళ్ళెవరూ గుర్తురాలేదు. కూరలో ఉప్పు గురించి కూడా ఎవరూ నన్నట్లా అడగలేదు.

"వద్దు," అన్నాను.

ఆ అమ్మాయి ఏదైనా అంటుందని ఆశపడ్డాను. బాగా చెప్పారనో, జాగ్రత్త అనో. "కస్టమర్ ఇష్టపడలేదు అని పెడుతున్నాను," అని కాల్ కట్ చేసింది. ఆమె చూడాల్సిన మొహం నా తర్వాత ఇంకోటి ఉంటుంది.

గడియ తీశాను. మా ఆయన నన్ను నెట్టుకొని లోపలికొచ్చాడు. ఫోన్‌లో వచ్చిన మెసేజ్ అర్థం కాక తమ్ముడికిచ్చాడు. తిరుమల్ చదివి, నా వైపు చూడకుండా, "లోన్ వద్దని చెప్పిండ్రట అన్నా," అన్నాడు.

"ఎవలు చెప్పిండ్రు?"

"వదిననే."

దివాకర్ నెమ్మదిగా నా వైపు తిరిగాడు. తలుపు దగ్గర సహస్ర నిలబడి ఉంది. దాని మొహంలో ఇప్పుడు నవ్వు లేదు. ఆయన చెయ్యి లేచింది. నేను వెనక్కి జరగలేదు. భయం లేక కాదు. ఈదమ్మ తిరిగొచ్చి మంచం మీద సర్దుకొని కూర్చుంది.

"చేతుల మీద కొట్టకురా," అంది కొడుకుతో. "పొద్దుగాల వంటున్నది."

"వంట లేదత్తమ్మా," అన్నాను. "రేపు లేదు, ఎల్లుండి లేదు. ఏడ కొట్టుకుంటడో కొట్టుకొమ్మను."